నూకరాజుకు నూకరాజు అనుమతి

తేతలి బులిరామిరెడ్డి గారి కూతురి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరుండవలసిన చోట మురుగుకాలువ వచ్చి కూర్చుంది.

అదృష్టం, అచ్చయిపోలేదు. చూసుకోమని పంపిన నమూనా కాగితంలోనే సంగతి బయటపడింది. అయితే ఆ కాగితం తిన్నగా బులిరామిరెడ్డి చేతికి రాకుండా వియ్యాలవారి ఊరు వెళ్ళి, పెళ్ళికొడుకు మేనత్త కళ్ళజోడు కింద పడి, అక్కణ్ణుంచి వెనక్కొచ్చింది. అందులో ఇలా ఉంది:

"మా ఏకైక కుమార్తె చి.ల.సౌ. సునందను, చి. గత మూడు మాసములుగా దుర్వాసన వెదజల్లుచున్న మా వీధి మురుగుకాలువకు ఇచ్చి వివాహము చేయుటకు పెద్దలు నిశ్చయించినారు గావున, తాము సకుటుంబముగా విచ్చేసి పూడిక తీయించ ప్రార్థన."

"ఏవయ్యా నూకరాజూ!" అన్నాడు బులిరామిరెడ్డి, వాకిట్లో మోటారుసైకిలు దిగకుండానే. "మా అమ్మాయికి నేను పాతికెకరాల సంబంధం చూశాననుకున్నాను. నువ్వు వీధి పొడుగునా పారే సంబంధం తెచ్చేవే!"

సలాది నూకరాజు రామచంద్రపురంలో తన ఇంటి వసారా గదిలో కంప్యూటరు పెట్టుకుని శుభలేఖలు కంపోజు చేసే మనిషి. ఆరేళ్ళ నుంచి అదే పని. ఎవరి పేరు ముందుండాలో, ఏ మేనమామ పేరు వదిలేస్తే పందిట్లో గొడవవుతుందో అతనికి తెలిసినంతగా పురోహితులకు కూడా తెలీదు. అలాంటి మనిషి ఆ కాగితం చదివి నీరైపోయాడు.

"అది విస్సన్న మేష్టారి అర్జీ అండి. నేను భోజనానికి లోపలికెళ్ళినప్పుడు వచ్చి కొట్టుకున్నారండి. నాదీ ఆయనదీ కలిసిపోయేయండి."

"నీ కంప్యూటర్లో ఆయనెందుకు కొట్టుకున్నాడు?"

నూకరాజు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"వచ్చే శుక్రవారం సాయంత్రానికి సరైన కాయితం నా చేతిలో పెట్టేవా, సరే. లేదంటే మండపేటలో ఇంకోడున్నాడు. పెళ్ళికి మూడు వారాలే ఉంది" అని బులిరామిరెడ్డి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నిజానికి ఆ కంప్యూటరు మీద కూర్చోనివాళ్ళు ఆ వీధిలో తక్కువ. తోడల్లుడు జాతకాలు చూసుకునేవాడు. ఎదురింటావిడ రైలు టిక్కెట్లు చూసుకునేది. అందరికంటే ఎక్కువ విస్సన్న మేష్టారు. రిటైరైన హెడ్మాస్టరు, ఊళ్ళో ఎక్కడ దీపం వెలక్కపోయినా, ఎక్కడ నీళ్ళు నిలిచినా అర్జీ పెట్టడం ఆయన నిత్యకృత్యం. నూకరాజు పాస్‌వర్డు పెట్టకపోలేదు. మొదట భార్య పేరు పెట్టాడు, రెండు నిమిషాల్లో అందరూ కనిపెట్టారు. తరవాత అంకెలూ అక్షరాలూ కలిపి చాలా కష్టమైనది పెట్టాడు. వారం తిరిగేసరికి అది తనే మరిచిపోతే, మేష్టారు గుర్తు చేశారు.

"నోరు తెరిచి చెప్పొచ్చు కదండీ ఆయనకి" అంది నూకరాజు భార్య మంగతాయారు.

"మనకి అక్షరాలు దిద్దించిన మనిషే. ఏవని చెప్పమంటావ్?"

తిరగలి అమ్మేవాడు వాకిట్లోకొస్తే వద్దని చెప్పలేక రెండు తిరగళ్ళు కొన్న చరిత్ర నూకరాజుది. మూడో తిరగలి అప్పుడు మంగతాయారు బయటికొచ్చి చెప్పింది.

"మీరు చెప్పలేకపోతే గవర్నమెంటు చేత చెప్పించండి మరి" అందామె. "మునిసిపాలిటీ గోడకి ఏదో కాయితం అంటించేరు, ఇలాంటి వాటికే ఆఫీసు పెట్టేరంట."

ఉంది. ఆ ఆఫీసు పేరు గృహ గణకయంత్ర అనధికార వినియోగ నిరోధక విభాగం. పూర్వం ఎలుకల నిర్మూలన విభాగం ఉండే రెండు గదుల్లో పెట్టారు. పాత బోర్డు మీదే కొత్త పేరు రాయడం వల్ల, ఎండ పడ్డప్పుడు 'గృహ' వెనక నుంచి 'ఎలుకల' కనబడుతూ ఉండేది.

ఆ విభాగానికి అధికారి ఆకొండి పరంజ్యోతి గారు. ఆఫీసు తెరిచి ఏడు నెలల పదకొండు రోజులయింది. ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదులు రాకపోవడానికి కారణాలు తెలపవలసిందిగా పైనుంచి మూడు శ్రీముఖాలు మాత్రం వచ్చాయి. నాలుగోది వస్తే విభాగమే ఎత్తేస్తారని పుకారు. ఇలాంటి రోజున గుమ్మంలో చెప్పులు విడిచి, "ఏవండీ, మా కంప్యూటరు ఎవరు పడితే వాళ్ళు వాడేస్తన్నారండి" అన్న గొంతు వినబడేసరికి పరంజ్యోతి గారు లేచి నిలబడ్డారు.

"రండి, ఆసీనులు కండి! తమవంటి బాధిత పౌరుని కొరకు ఈ విభాగము కళ్ళు కాయలు కాచునట్లు ఎదురుచూచుచున్నది."

"బాధేం కాదండి. మేష్టారు మంచోరేనండి. ఆయనకి కోపం రాకుండా ఆపే ఉపాయం ఏదన్నా ఉంటే చెబుతారేమోనని..."

"ఉపాయము మా పరిధిలోనిది కాదు. చర్య మాత్రమే మా పరిధిలోనిది. ఇచ్చట సంతకము చేయుడు."

నూకరాజు చేశాడు.

మర్నాడు రెండో శనివారం. సెలవు. అయినా సరే పొద్దున్న పదింటికల్లా పరంజ్యోతి గారు వచ్చేశారు. వెంట అప్పలకొండ అనే కాపలాదారుణ్ణీ, ఒక తెల్లగుడ్డనూ, లక్కనూ, ఇత్తడి ముద్రనూ తెచ్చారు. వాళ్ళొచ్చేసరికి వసారా గదిలో కంప్యూటరు ముందు విస్సన్న మేష్టారు కూర్చుని ఉన్నారు. మురుగుకాలువ అర్జీకి జవాబు రాలేదని జ్ఞాపిక కొడుతున్నారు.

"తాము?" అన్నారు పరంజ్యోతి గారు.

"విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి."

"ఆహా! పంచనామాకు గౌరవనీయులగు సాక్షి లభించునా అని దారి పొడుగునా చింతించుచు వచ్చితిని. వ్రాతకు సిద్ధపడుడు."

"చేత్తో రాస్తే రేపెవరికీ అర్థం కాదు. కొట్టేదా?" అన్నారు మేష్టారు.

"అవశ్యము. మా విభాగమునకు గణకయంత్రము ఇంకనూ మంజూరు కాలేదు."

అలా, నూకరాజు కంప్యూటరును ఇతరులు అనుమతి లేకుండా వాడుతున్నారనే పంచనామాను విస్సన్న మేష్టారు నూకరాజు కంప్యూటరు మీద, నూకరాజును అడక్కుండా, టైపు చేశారు. పరంజ్యోతి గారు చెప్పినదాంట్లో రెండు సంధి దోషాలు కూడా సవరించారు. నిందితులు ఎవరన్న చోటికొచ్చేసరికి మేష్టారు కాసేపు నిజాయితీగా ఆలోచించారు. వీధిలో వాళ్ళందర్నీ తలుచుకున్నారు. తనకు తాను గుర్తు రాలేదు. చివరికి 'గుర్తు తెలియని వ్యక్తులు' అని కొట్టారు. గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరాజు ఆయనకి మంచినీళ్ళు అందించాడు.

ఆపైన కంప్యూటరుకు తెల్లగుడ్డ చుట్టి, ముడి మీద లక్క పోసి, ముద్ర వేశారు.

"నేటి నుండి ఈ యంత్రము సురక్షితము."

"మరి నేను వాడుకోవాలంటేనండి?"

"అనుమతి పొంది వాడవచ్చును."

"ఎవరి అనుమతండి?"

"నిబంధన నాలుగు. యజమాని అనుమతి లేనిదే ఏ వ్యక్తియు, ఏ కారణము చేతను, యంత్రమును తాకరాదు."

"యజమానిని నేనేనండి!"

"కావచ్చును" అన్నారు పరంజ్యోతి గారు దయగా. "వాడువారు వేరు, యజమాని వేరు. వాడుటకు కోరు నూకరాజు, యజమానియగు నూకరాజునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆక్షేపణలకు మూడు దినములు గడువు. గురువారము విచారణ. యజమాని ఎవరన్నదియు అప్పుడే తేలును."

శుక్రవారం బులిరామిరెడ్డి గడువు. నూకరాజు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. దరఖాస్తు మాత్రం రాశాడు. "మహారాజశ్రీ సలాది నూకరాజు గారి దివ్యసముఖమునకు, సలాది నూకరాజు నమస్కరించి వ్రాసుకొన్న విన్నపము" అని మొదలుపెట్టేసరికి అతనికే తన మీద జాలి వేసింది.

సోమవారం నుంచి విభాగం పని ఊపందుకుంది. యంత్రం క్షేమంగా ఉన్నదీ లేనిదీ రోజూ పైకి నివేదిక పంపాలి. నివేదిక టైపు చేయాలి. కనక పొద్దున్న పదింటికి లక్క పగలగొట్టి, గుడ్డ విప్పి, మేష్టారు కూర్చుని కొట్టడం, సాయంత్రం అయిదింటికి మళ్ళీ గుడ్డ చుట్టి లక్క పోయడం. మధ్యలో ఖాళీ దొరికితే అప్పలకొండ అందులో పేకముక్కలు పేర్చే ఆట ఆడుకునేవాడు.

"నాకే తెలీదు బాబూ, ఇందులో పేక ఉంటాదని" అన్నాడు నూకరాజుతో, ఎంతో కృతజ్ఞతగా. "మేష్టారు సెప్పేరు."

అదే అప్పలకొండకు మంగళవారం టీ ఇస్తూ మంగతాయారు మాటవరసకి అంది: "అది ముందర కూర్చుంటే ఈయనకి తిండి కూడా గుర్తుండదు నాయనా. నాలుగు రోజులు మూతేసేరు, ఒక రకంగా మంచిదే." ఆ సాయంత్రానికి అది ఒకటో నంబరు ఆక్షేపణగా నమోదైంది. టైపు చేసింది మేష్టారే.

"నేనెప్పుడు ఆక్షేపించేనండీ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"విభాగము ఏర్పడిన తరువాత వచ్చిన తొలి ఆక్షేపణ. దీనిని ఉపసంహరించుకొనరాదని ప్రార్థన" అన్నారు పరంజ్యోతి గారు. చేతులు కూడా జోడించారు. మంగతాయారు ఆయనకి ఇంకో టీ ఇచ్చింది.

గురువారం వసారాలోనే విచారణ పెట్టారు. ఒక కుర్చీ యజమానికి. దరఖాస్తుదారు దాని ఎదుట నిలబడాలి. పరంజ్యోతి గారు నడిమి బల్ల దగ్గర, మేష్టారు కంప్యూటరు దగ్గర, అప్పలకొండ గుమ్మం దగ్గర. వీధిలో సగం మంది గోడ మీద. సరిగ్గా అప్పుడే, నమూనా ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని బులిరామిరెడ్డి కూడా వచ్చి, వీధి గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

"యజమాని దరఖాస్తుదారును ప్రశ్నించవలెను" అన్నారు పరంజ్యోతి గారు, ఒక కాగితం అందిస్తూ.

నూకరాజు కుర్చీలో కూర్చుని చదివాడు: "ఇదివరలో నీవు ఈ యంత్రమును వాడియుంటివా?"

లేచి, ఇటు తిరిగి నిలబడి, "వాడేనండి" అన్నాడు.

మళ్ళీ కూర్చున్నాడు. "రాతపూర్వకమగు అనుమతి పొందియుంటివా?"

మళ్ళీ లేచాడు. "లేదండి."

"ఎంత కాలము?"

"ఆరేళ్ళండి. రోజుకి ఎనిమిది గంటలండి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంకా ఎక్కువండి."

పరంజ్యోతి గారు కలం కింద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆరు సంవత్సరములు! ఇంత సుదీర్ఘమగు అనధికార వినియోగము జిల్లాలో మరి యెక్కడను బయటపడి యుండదు. అయ్యా యజమాని గారూ, తమకు జరిగిన అన్యాయమునకు విభాగము చింతించుచున్నది."

"ఇదేం గోలయ్యా!" అన్నాడు బులిరామిరెడ్డి గేటు దగ్గర్నుంచి. "మేష్టారి మురుగుకాలువ మా అమ్మాయి శుభలేఖలో పడింది చాలదా! రేపు నా కాయితం వస్తదా రాదా?"

"నిశ్శబ్దము! యజమాని తన నిర్ణయమును సెలవీయవలెను."

నూకరాజు నాలుగోసారి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ. అక్కడ నిలబడి చేతులు కట్టుకున్న తనే అతనికి కనబడ్డాడు. తిరగళ్ళు కొన్న మనిషి, అడిగిన చోటల్లా సంతకం పెట్టే మనిషి, తన ఇంట్లో తన వస్తువుకి తనే అర్జీ రాసుకున్న మనిషి. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరి మీదో తేల్చుకునేలోపే మాట బయటికొచ్చేసింది.

"వద్దండి. ఇతనికి అనుమతి ఇవ్వను."

గోడ మీది జనం గుసగుసలాడారు. మంగతాయారు పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. పరంజ్యోతి గారికి మాత్రం ఒళ్ళు పులకరించింది. విభాగం చేతుల మీదుగా మొట్టమొదటి తిరస్కారం! టైపు చేసేదాకా ఆగలేక, రిజిస్టరు దగ్గరికి లాక్కుని తన చేత్తోనే రాశారు: "యంత్రమునకు సంపూర్ణ హక్కుదారుడును, నిజమైన యజమానియు అగు శ్రీ సలాది నూకరాజు దరఖాస్తును తిరస్కరించినారు." కింద సంతకం చేసి, ముద్ర కొట్టారు.

నూకరాజు ఇంకా కుర్చీలోంచి లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరిని వద్దన్నాడు. ఆ ఒకరు తనే అయినా, ఆ మాట రుచి నాలిక మీద మిగిలింది.

"అయితే యజమానిని నేనేనని తేలిపోయిందాండి?"

"ముద్ర పడినది. ఇక తిరుగు లేదు."

"మరి మేష్టారికి అనుమతి ఎవరిచ్చేరండి? పేకాడే అప్పలకొండకెవరిచ్చేరు? రోజూ మీ నివేదికలు కొట్టించుకోడానికి మీకెవరిచ్చేరండి?"

టకటకమంటున్న టైపు ఆగిపోయింది.

"మేము... పరిరక్షణార్థము..." అన్నారు పరంజ్యోతి గారు.

"నిబంధన నాలుగులో ఏదో చదివేరు కదండి, ఏ వ్యక్తియు అని."

"'ఏ వ్యక్తియు, ఏ కారణము చేతను'" అని మేష్టారు కంప్యూటరు దగ్గర్నుంచి అందుకున్నారు. దోషం కనబడితే అది ఎవరిదైనా సరే ఆయన ఊరుకోలేరు. "రెండు చోట్లా సముచ్చయం ఉంది పరంజ్యోతి గారూ. మినహాయింపుకి వ్యాకరణం ఒప్పుకోదు. తొమ్మిదో నిబంధన ప్రకారం అనుమతి లేకుండా కొట్టిన కాగితం ఏదీ చెల్లదు కూడాను. విచారణ నోటీసు కింద ఆ నిబంధన నేనే కొట్టేను, నాకు బాగా గుర్తు."

పరంజ్యోతి గారు తన ముందున్న దొంతర వంక చూశారు. పంచనామా, ఆక్షేపణ, మూడు నివేదికలు, విచారణ నోటీసు. ఒక్కొక్కటే చిత్తుకాగితమైపోతున్నట్టు ఆయన ముఖం పాలిపోయింది. మిగిలింది ఆయన చేత్తో రాసిన ఒక్క ఉత్తర్వు. దాంట్లో యజమాని నూకరాజు.

"ఇక ఆ బట్ట మళ్ళీ చుట్టకండి, తీసుకుపొండి" అన్నాడు యజమాని.

అప్పలకొండ గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. పరంజ్యోతి గారు బల్ల మీద రెండు చేతులూ ఆనించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. "అలాగైతే నా దగ్గర ఫిర్యాదొకటే మిగుల్తుందండి. చర్య లేదు. పైకి ఏం రాయను? విభాగం ఎత్తేస్తారు."

ఆయన ముఖం చూస్తే మంగతాయారుకే జాలేసింది. "ఇబ్బంది తీరిపోయిందని రాసుకోండి బాబూ. మావారు సంతకం పెడతారు."

నూకరాజు పెట్టాడు. ఈసారి చదివి పెట్టాడు.

జనం చెదిరిపోయాక వసారాలో ఇద్దరు మిగిలారు. విస్సన్న మేష్టారు కుర్చీలోంచి లేవలేదు. నూకరాజుకు ఆఫీసరుతో మాట్లాడినప్పుడు ఉన్న ధైర్యం ఎటో పోయింది. అయినా అన్నాడు.

"మేష్టారూ, తవరు కూడానండి. ఇక మీదట నన్నడిగి కూర్చోండి."

మేష్టారు కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని లేచారు. "శుభలేఖ పాడుచేసింది నేనేనని నాకెవ్వరూ చెప్పలేదురా" అన్నారు మెల్లగా. "ఇందాక రెడ్డి గారి నోట విన్నాను."

"చెప్పడానికి నోరు రాలేదండి."

"పలక మీద అక్షరాలు నేర్పేను గానీ, నోటితో చెప్పడం నేర్పలేదన్నమాట." ఆయన మెట్లు దిగి, వీధిలో ఆగి వెనక్కి తిరిగారు. "కాలవ పూడిక ఇంకా తీయలేదు. రేపొచ్చి జ్ఞాపిక కొట్టుకోవచ్చునా?"

"రేపు శుభలేఖ ఉందండి. ఎల్లుండి పదింటికి రండి."

"సరే" అని ఆయన వెళ్ళిపోయారు. నూకరాజు గుమ్మం పట్టుకుని, ఆకాశం విరిగి పడుతుందేమోనని కాసేపు చూశాడు. పడలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికే నమూనా తయారైంది. పెళ్ళికొడుకు పేరు చోట పెళ్ళికొడుకే ఉన్నాడు. బులిరామిరెడ్డి రెండుసార్లు పైకి చదివించుకుని, మూడోసారి తనే వేలు పెట్టి చదువుకుని, తలాడించాడు. పెళ్ళికి నూకరాజు దంపతుల్ని స్వయంగా పిలిచాడు. పందిట్లో పెళ్ళికొడుకు మేనత్త నూకరాజును పట్టుకుని, "కాలవ సంబంధం తప్పించింది నువ్వేనా బాబూ?" అని పకపకా నవ్వింది.

విభాగం సంవత్సర నివేదికలో వచ్చిన ఫిర్యాదులు ఒకటి, పరిష్కరించినవి ఒకటి, వెరసి నూటికి నూరు శాతం అని పడింది. పైవాళ్ళు మెచ్చుకుని ఇంకో గది ఇచ్చారు. ఎంతో కాలంగా ఆగిపోయిన కంప్యూటరు కూడా మంజూరు చేశారు.

అది వచ్చిన పదిహేను రోజులకి పరంజ్యోతి గారు నూకరాజు వసారాలోకి వచ్చారు. ఒంటరిగా. చెప్పులు గుమ్మంలోనే విడిచారు. మంగతాయారు టీ ఇచ్చింది.

"మా కంప్యూటరు సంగతండి" అన్నారాయన, టీ చల్లారబెట్టుకుంటూ. "పక్క గదిలో దోమల విభాగం వాళ్ళు పొద్దుటే వచ్చి కూర్చుంటారు. పై అంతస్తు వాళ్ళు టిక్కెట్లు చూసుకుంటారు. అప్పలకొండ సరే సరి. నాకు ఆ కుర్చీ దొరికి వారమైంది. మీరు ఎలా ఆపించారండీ?"

"ఏవుందండి, పిలిచి చెప్పేయడవే. ఇది మా పనికండి, అడక్కుండా కూర్చోకండి అని. మొదటిసారే కాస్త కష్టంగా ఉంటుందండి, తరవాత అలవాటైపోద్ది."

"రాతపూర్వకంగానా?"

"కాదండి. నోటితోనే."

పరంజ్యోతి గారు టీ గ్లాసు కింద పెట్టి, జేబులోంచి కలం తీసి, మూత విప్పారు.

"నోటితో చెబితే మరి," అన్నారు చివరికి, "నకలు ఎవరికి పంపాలండి?"